టోకెన్ పెట్టిన చోటు వేరు, అడిగే చోటు వేరు: ఒక డొమైన్ వెరిఫికేషన్ కేస్ స్టడీ

కడియం దగ్గర ఒక మొక్కల నర్సరీకి డాట్‌కామ్ సైట్ ఉంది. హోల్‌సేల్ వ్యాపారం. బేరాలన్నీ ఫోన్‌లోనే తెగుతాయి గానీ, బయటి రాష్ట్రాల నుంచి మొక్కలు కొనే కాంట్రాక్టర్లు ముందు చూసేది సైట్‌లోని ఫొటోలనే. తొలకరికి కాస్త ముందు, ఆర్డర్లు ఊపందుకునే వేళ, ఆ సైట్‌కి ఒకేసారి రెండు చిక్కులు వచ్చాయి. తెరవబోతే సర్టిఫికెట్ గడువు తీరిందని బ్రౌజర్ హెచ్చరిస్తోంది. గూగుల్ ఫలితాల్లో సైట్ ఎలా కనపడుతోందో యజమానికి చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో డొమైన్ ఎంతకీ వెరిఫై కావట్లేదు. సైట్ చూసుకునే డిజైనర్ మొదటిది హోస్టింగ్ వాళ్ళ నిర్లక్ష్యం అనీ, రెండోది గూగుల్ ఆలస్యం అనీ తేల్చేసి, రెండు పక్కలా టికెట్లు పెట్టి కూర్చున్నాడు. ఆ దశలో కేసు నా దగ్గరికి వచ్చింది.

వచ్చీ రాగానే నాకు అనుమానం కలిగింది ఈ రెండూ కలిసి రావడం మీదే. సర్టిఫికెట్ ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ కూడా అడగ్గానే ఇచ్చేయదు. డొమైన్ మన అధీనంలో ఉందని రుజువు చూశాకే ఇస్తుంది. అంటే ఇక్కడ విఫలమైనవి రెండు ఓనర్‌షిప్ పరీక్షలు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సంస్థలు ఒకే పేరు గురించి అడిగి, రెండూ జవాబు లేక వెనక్కి పోయాయి. ఇలాంటప్పుడు టోకెన్‌ని (డొమైన్ మనదేనని రుజువుగా పెట్టమని గూగుల్ ఇచ్చే కోడ్‌ని) అనుమానించి మళ్ళీ కాపీ పేస్ట్ చేయడం వల్ల ఒరిగేదేం లేదు. ఈ పేరుకి జవాబు చెప్పాల్సిన సర్వర్ ఏది, అడిగేవాళ్ళు దాని దాకా చేరుతున్నారా అన్నది ముందు చూడాలి.

డొమైన్ ఎవరెవరి చేతుల్లో ఉంది

ఇలాంటి కేసుల్లో నేను ప్యానెల్ తెరవకముందే మనుషుల వరస రాసుకుంటాను. ఇక్కడ ముగ్గురు. డొమైన్ కొన్నది నర్సరీ యజమాని బంధువుల అబ్బాయి. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో తన ఈమెయిల్‌తో, తన అకౌంట్‌లో కొన్నాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఏటా రెన్యువల్‌కి యజమాని డబ్బు పంపిస్తారు, ఆ అబ్బాయి కడతాడు. మంచి శ్రద్ధ ఉన్నవాడు. అప్పట్లోనే డీఎన్‌ఎస్‌ని, అంటే డొమైన్ పేరుకి సర్వర్ అడ్రస్ లాంటి వివరాలు చెప్పే పట్టికని, విడిగా ఒక ఉచిత సేవలో పెట్టి, ఆ జవాబుల మీద సంతకం చేసే డీఎన్‌ఎస్‌సెక్ కూడా ఆన్ చేశాడు. ఆ తర్వాత ఆ సంగతి అందరూ మర్చిపోయారు, అతనితో సహా.

ఈ వేసవిలో పాత హోస్టింగ్ రేటు పెరగడంతో డిజైనర్ సైట్‌ని ఇంకో కంపెనీకి మార్చాడు. పూర్తి బ్యాకప్ తీసి కొత్త సర్వర్‌లో దింపాడు. నేమ్‌సర్వర్లు (డొమైన్ గురించి జవాబు చెప్పే సర్వర్లు) మార్చమని హైదరాబాద్ అబ్బాయికి వాట్సాప్ పెట్టాడు, అతను మార్చాడు. సైట్ తెరుచుకుంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. బ్యాకప్‌తో పాటు పాత సర్టిఫికెట్ కూడా కొత్త సర్వర్‌కి వచ్చేసింది కాబట్టి తాళం గుర్తు కూడా యథాప్రకారం కనిపించింది. అది 90 రోజుల సర్టిఫికెట్. మిగిలిన గడువు ఉన్నన్నాళ్ళు లోపల ఏం చెడిందో ఎవరికీ కనపడలేదు. గడువు తీరాక కొత్తది తెచ్చుకోబోతే రాలేదు.

యజమానితో ఫోన్‌లో మాట్లాడుతూ, ఈ మధ్య సైట్ గురించి ఎవరైనా ఏదైనా అన్నారా అని అడిగాను. “మాకైతే బానే వస్తంది మాస్టారూ. బెంగళూరు పార్టీ ఒకాయన మాత్రం అసలు తెరుచుకోట్లేదండీ అన్నాడు. వాళ్ళ నెట్ బాలేదేమో అనుకున్నాం” అన్నారు. ఇంకాస్త కదిపితే, ఒక కస్టమర్ పంపిన ఈమెయిల్ తిరిగొచ్చిందని కూడా చెప్పారు. కేసులో సగం ఈ రెండు మాటల్లోనే ఉంది. సర్వర్ పడిపోతే అందరికీ పడిపోతుంది. కొందరికి వస్తూ కొందరికి రాకపోతే మధ్యలో ఎవరో కొందరికి ‘వద్దు’ అంటున్నారని అర్థం.

అడగాల్సిన వరస

డిజైనర్ పంపిన స్క్రీన్‌షాట్‌లో ‘వెరిఫికేషన్ ఫెయిల్డ్’ అన్న ముక్క వరకే ఉంది, కింద ఉన్న వివరం కత్తిరించేశాడు. ఇది నాకు ఎప్పుడూ ఎదురయ్యేదే. సెర్చ్ కన్సోల్ విఫలమైనప్పుడు కారణం కూడా ఒక వాక్యంలో చెబుతుంది. డీఎన్‌ఎస్‌లో మామూలు అక్షరాలు రాసుకునే టీఎక్స్‌టీ రికార్డుల్లో టోకెన్ కనపడలేదనడం ఒకటి, డీఎన్‌ఎస్ నుంచి జవాబే రాలేదనడం ఇంకొకటి. రెండిటికీ వైద్యం వేరు. పూర్తి సందేశం పంపమని అడిగి, అది వచ్చేలోపు నా పని మొదలుపెట్టాను.

మొదట ఆ టోకెన్ ఎక్కడ పెట్టారని అడిగాను. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) ప్యానెల్‌లో అన్నారు. హైదరాబాద్ అబ్బాయి అక్కడి డీఎన్‌ఎస్ పేజీలో టీఎక్స్‌టీ వరస చేర్చి, స్క్రీన్‌షాట్ కూడా పంపాడు. టోకెన్ అక్షరం పొల్లు పోకుండా ఉంది. అయితే డొమైన్ నేమ్‌సర్వర్లు హోస్టింగ్ కంపెనీవి. అంటే డాట్‌కామ్‌లో ఈ పేరు గురించి ఎవరడిగినా ‘హోస్టింగ్ వాళ్ళ సర్వర్‌ని అడుగు’ అనే చెబుతారు. రిజిస్ట్రార్ దగ్గర రాసిన రికార్డు దగ్గరికి వచ్చి చదివే నాథుడు లేడు. రిజిస్ట్రార్ల ప్యానెళ్ళ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. నేమ్‌సర్వర్లు వేరే చోట ఉన్నా, చాలామంది రికార్డులు చేర్చే పేజీని తెరిచే ఉంచుతారు, సేవ్ కొడితే పచ్చ టిక్కు కూడా చూపిస్తారు. ‘ఈ పేజీ ప్రస్తుతం అమల్లో లేదు’ అని ఒక్క వాక్యం పైన రాస్తే ఎన్ని టికెట్లు తగ్గిపోతాయో.

ఇది నిర్ధారించుకోవడానికి, డీఎన్‌ఎస్ సర్వర్లని నేరుగా ప్రశ్నలడిగే డిగ్ అనే చిన్న ప్రోగ్రామ్ చాలు. విండోస్‌లో ఎన్‌ఎస్‌లుకప్ ముందే ఉంటుంది. హోస్టింగ్ నేమ్‌సర్వర్‌ని నేరుగా టీఎక్స్‌టీ అడిగితే మెయిల్ కోసం పెట్టిన ఎస్‌పీఎఫ్ వరస ఒక్కటే వచ్చింది, టోకెన్ లేదు. రిజిస్ట్రార్ నేమ్‌సర్వర్‌ని నేరుగా అడిగితే టోకెన్ వచ్చింది. మామూలు కేసయితే ఇక్కడితో ముగిసేది. టోకెన్‌ని సరైన చోట పెట్టి, వెరిఫై నొక్కి, ఫోన్ పెట్టేయడమే.

కానీ అదే ప్రశ్న ఒక రిజాల్వర్‌ని, అంటే మన తరఫున నేమ్‌సర్వర్లని అడిగి జవాబు తెచ్చే సర్వర్‌ని, అడిగి చూశాను. గూగుల్ పబ్లిక్ డీఎన్‌ఎస్ 8.8.8.8 దగ్గర వచ్చింది సర్వ్‌ఫెయిల్, అంటే ‘జవాబు తేలేకపోయాను’ అని. టోకెన్ ఉందనీ లేదు, లేదనీ లేదు. టీఎక్స్‌టీ సంగతి వదిలేసి, సైట్ ఐపీ అడ్రస్ ఇచ్చే ‘ఎ’ (A) రికార్డు అడిగినా అదే సర్వ్‌ఫెయిల్. క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 దగ్గరా అంతే. మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే రిజాల్వర్‌ని అడిగితే మాత్రం అన్నీ చక్కగా వచ్చాయి. ఈలోగా హోస్టింగ్ ప్యానెల్‌లోని సర్టిఫికెట్ లాగ్ డిజైనర్ పంపాడు. అందులోనూ ‘డీఎన్‌ఎస్ ప్రాబ్లమ్, సర్వ్‌ఫెయిల్’ అనే ఉంది. సెర్చ్ కన్సోల్ పూర్తి సందేశం కూడా డీఎన్‌ఎస్ దగ్గరే ఆగింది. ఇంత స్పష్టంగా రాసి ఉన్నా ఎవరూ చదవలేదు. ఎర్ర రంగు చూడగానే టెన్షన్‌తో మళ్ళీ బటన్ నొక్కడమే అందరికీ అలవాటు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ దగ్గర ఆ అలవాటుకి అదనపు శిక్ష కూడా ఉంది. ఒక అకౌంట్ నుంచి ఒక పేరుకి గంటలో 5 సార్లు విఫలమైతే కాసేపు అడగనివ్వదు. ఆ లాగ్‌లో అదీ కనపడింది.

కొన్ని రిజాల్వర్లు జవాబిచ్చి, కొన్ని సర్వ్‌ఫెయిల్ అంటే నేను వెంటనే చూసేది డీఎన్‌ఎస్‌సెక్. దీనికో సులువైన పరీక్ష ఉంది. 8.8.8.8నే అడుగుతూ, సంతకం సరిచూడొద్దు అని చెప్పే సీడీ ఫ్లాగ్ చేర్చాలి. చేర్చగానే జవాబులన్నీ గలగలా వచ్చాయి. అంటే సర్వర్ బతికే ఉంది, దారి తెరిచే ఉంది, రికార్డులు ఉన్నాయి. సంతకం దగ్గరే తిరస్కరణ.

పాత డీఎస్ రికార్డు

డీఎన్‌ఎస్‌సెక్‌లో ప్రతి జోన్ (ఒక డొమైన్ రికార్డుల మొత్తం) తన రికార్డుల మీద డిజిటల్ సంతకం చేస్తుంది. ఆ సంతకం సరిచూసే తాళంచెవి తాలూకు ముద్ర ఒకటి పై జోన్‌లో, అంటే మన విషయంలో డాట్‌కామ్‌లో, డీఎస్ రికార్డుగా ఉంటుంది. బ్యాంకు దగ్గర ఉండే స్పెసిమెన్ సంతకం లాంటిది అది. ఆ కార్డు ఫైల్లో ఉన్నంతకాలం సంతకం లేని చెక్కు ఇస్తే తీసుకోరు, మీరు నిజంగా ఖాతాదారే అయినా సరే. డీఎస్ లేని డొమైన్ అయితే సంతకం అడగకుండానే జవాబు తీసుకుంటారు. చిక్కల్లా డీఎస్ మిగిలిపోయి, కింద సంతకం లేకుండా పోయినప్పుడే.

ఇక్కడ జరిగింది అదే. పాత డీఎన్‌ఎస్ సేవ సంతకం చేసేది. దాని డీఎస్‌ని హైదరాబాద్ అబ్బాయి ఎప్పుడో రిజిస్ట్రార్ ద్వారా డాట్‌కామ్‌లో పెట్టించాడు. నేమ్‌సర్వర్లు హోస్టింగ్ వాళ్ళకి మారినప్పుడు డీఎస్ మాత్రం అక్కడే ఉండిపోయింది. హోస్టింగ్ వాళ్ళ జోన్‌కి సంతకాలు లేవు. రిజిస్ట్రార్ ప్యానెల్‌లో నేమ్‌సర్వర్ల పేజీ ఒకటి, డీఎన్‌ఎస్‌సెక్ పేజీ ఇంకొకటి. మొదటిది మారిస్తే రెండోదాని సంగతి గుర్తుచేసే మాట ఎక్కడా లేదు.

రుజువు చేసుకోవడం తేలికే. డాట్‌కామ్ జోన్‌కి ‘ఎ’ (A) నుంచి ‘ఎం’ (M) దాకా 13 నేమ్‌సర్వర్లున్నాయి, డాట్‌కామ్ పేర్ల పట్టికని (రిజిస్ట్రీని) నడిపేది వెరిసైన్ కంపెనీ. వాటిలో ఒకదాన్ని ఈ డొమైన్ డీఎస్ అడిగితే ఒక వరస వచ్చింది. హోస్టింగ్ నేమ్‌సర్వర్‌ని ‘డీఎన్‌ఎస్‌కీ’, అంటే ఆ తాళంచెవి ఉండే రికార్డు, అడిగితే ఖాళీ. పైన ముద్ర ఉంది, కింద తాళంచెవే లేదు. కొత్త డిగ్ వెర్షన్ వాడితే ఈ శ్రమ కూడా అక్కర్లేదు. సర్వ్‌ఫెయిల్‌తో పాటు కారణాన్ని ఒక అంకెతో చెప్పే పద్ధతి 2020లో ప్రామాణికమైంది, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే పత్రాల్లో ఆర్‌ఎఫ్‌సీ 8914. 1.1.1.1 జవాబులో 9 అనే కోడ్ కనపడింది. ‘డీఎన్‌ఎస్‌కీ’ రికార్డు లేదని దానర్థం. కమాండ్ లైన్ అంటే చికాకు పడేవాళ్ళకి డీఎన్‌ఎస్‌విజ్ అనే సైట్ ఇదే గొలుసుని బొమ్మ గీసి, తెగిన చోట ఎర్రగా చూపిస్తుంది. యజమానికి పంపింది నేను ఆ బొమ్మనే. కమాండ్ల జవాబులు పంపితే ఆయనకి ఉపయోగం లేదు.

బెంగళూరు పార్టీ గొడవ కూడా దీనితో విడిపోయింది. నర్సరీ ఆఫీసులో నెట్ ఇచ్చేవాళ్ళ రిజాల్వర్ సంతకాలు చూడదు. బెంగళూరు ఆయన రిజాల్వర్ చూస్తుంది. ప్రకటనలు రాకుండా ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెట్టుకునేవాళ్ళు ఇప్పుడు చాలామంది. వాళ్ళలో ఎక్కువమందికి ఈ సైట్ ఇన్నాళ్ళూ లేనట్టే లెక్క. ఈమెయిల్ తిరిగిపోవడమూ అంతే. పంపే సర్వర్ సంతకం చూసే రిజాల్వర్ వాడితే, మెయిల్ ఎక్కడికి చేర్చాలో చెప్పే ఎంఎక్స్ రికార్డే దొరకదు. ఎన్ని ఆర్డర్లు అలా పోయాయో లెక్క కట్టే దారి లేదు, యజమాని ఆ మాట అడిగారు కూడా.

ఆయనే ఇంకో ప్రశ్న కూడా అడిగారు, అది తెలివైన ప్రశ్న. “ఈ డీఎన్‌ఎస్ గోలంతా ఎందుకండీ, ఏదో ఫైలు పెట్టేస్తే వెరిఫై అయిపోద్దని యూట్యూబ్‌లో చెప్తన్నారు?” సెర్చ్ కన్సోల్‌లో రెండు రకాల ప్రాపర్టీలున్నాయి. ఒక అడ్రస్‌కే పరిమితమయ్యే యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్ రకానికి ఫైల్, మెటా ట్యాగ్, అనలిటిక్స్ లాంటి దారులున్నాయి. 2019లో వచ్చిన డొమైన్ ప్రాపర్టీ అయితే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నా లేకున్నా, సబ్‌డొమైన్లతో సహా అన్నిటినీ కలిపి చూపిస్తుంది. దానికి డీఎన్‌ఎస్ ఒక్కటే దారి. ఈ కేసులో అయితే ఫైల్ పెట్టినా ఉపయోగం ఉండేది కాదు. ఆ ఫైల్ తెరవాలన్నా ముందు పేరు నుంచి ఐపీ అడ్రస్ దొరకాలిగా. ఇంకో మాట, మెటా ట్యాగ్ పద్ధతి నాకు వ్యక్తిగతంగా నచ్చదు. థీమ్ మార్చిన రోజున ట్యాగ్ ఎగిరిపోతుంది. గూగుల్ అప్పుడప్పుడూ మళ్ళీ చూసుకుంటుంది కాబట్టి, కొన్నాళ్ళకి ఓనర్‌షిప్పూ పోతుంది. పోయిన సంగతి ఎవరికో రిపోర్ట్ కావాల్సిన రోజున బయటపడుతుంది.

తీసేయడం, ఆగడం

డీఎస్ తీయాలంటే రిజిస్ట్రార్ అకౌంట్‌లోకి వెళ్ళాలి, అది హైదరాబాద్ అబ్బాయిది. ఓటీపీ అతని ఫోన్‌కి వస్తుంది. సాయంత్రం ఆఫీసు అయ్యాక వీడియో కాల్‌లో కూర్చున్నాం. నేను చెప్పింది విని అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అన్నా, డీఎన్‌ఎస్‌సెక్ పెట్టింది నేనే. సెక్యూరిటీ బాగుంటుందని పెట్టా” అన్నాడు. పెట్టడం తప్పేం కాదని చెప్పాను. పెట్టిన సంగతి ఎక్కడా రాసి లేకపోవడం వల్ల, మార్చమన్న డిజైనర్‌కి తెలిసే దారి లేకుండా పోయింది. డీఎన్‌ఎస్‌సెక్ పేజీలో పాత డీఎస్ అలాగే ఉంది. తీసేసి సేవ్ చేశాం. కొన్ని నిమిషాల తర్వాత డాట్‌కామ్ సర్వర్‌ని నేరుగా అడిగితే డీఎస్ పోయింది.

8.8.8.8 మాత్రం ఇంకా సర్వ్‌ఫెయిల్ అంటూనే ఉంది. ఇక్కడే చాలామంది కంగారుపడి రెండో మార్పు చేసి, మొదటిది పనిచేసిందో లేదో తెలియకుండా చేసుకుంటారు. డాట్‌కామ్‌లో డీఎస్ రికార్డు టీటీఎల్ (జవాబుని దాచుకోగల గడువు) 86,400 సెకన్లు, అంటే ఒక రోజు. తీసేయడానికి కాస్త ముందు అడిగిన రిజాల్వర్‌కి దాన్ని మరుసటి రోజు దాకా గుర్తుపెట్టుకునే హక్కు ఉంది. నేమ్‌సర్వర్ల వరసకైతే అక్కడ 1,72,800 సెకన్లు, రెండు రోజులు. సపోర్ట్ వాళ్ళు చిలక పలుకులా చెప్పే ‘48 గంటలు ఆగండి’కి సరిపోయే లెక్క ఇదే. కొత్త రికార్డు ప్రపంచమంతా ప్రయాణం చేయాల్సిన పని లేదు, పాత జవాబు గడువు తీరితే చాలు. కాబట్టి ఎన్ని గంటలు ఆగాలో టీటీఎల్ చూసి చెప్పొచ్చు, ఊహించాల్సిన పని లేదు. పాత జవాబు ఏ రికార్డుదో తెలియకుండా ఆగమనే సలహా ఇచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆగే ఓపిక లేనప్పుడు ఇంకో దారి ఉంది. గూగుల్ పబ్లిక్ డీఎన్‌ఎస్‌కి క్యాష్ (దాచుకున్న పాత జవాబులు) ఖాళీ చేయించే పేజీ ఉంది, క్లౌడ్‌ఫ్లేర్‌కీ ఉంది. పేరు, రికార్డు రకం ఇస్తే పాత జవాబు తుడిచేస్తారు. డీఎస్ రకం ఎంచుకుని రెండు చోట్లా తుడిపించాం. 8.8.8.8 వెంటనే జవాబివ్వడం మొదలుపెట్టింది. ఇది ఆ రెండు సేవలకే వర్తిస్తుంది. మిగతా ప్రపంచం తన గడువు ప్రకారమే నడుస్తుంది.

ఇలాంటి దెబ్బ తినేది చిన్న నర్సరీలే అనుకోకండి. 2021 సెప్టెంబరు 30న స్లాక్ సంస్థ తన డొమైన్‌కి డీఎన్‌ఎస్‌సెక్ ఆన్ చేసి, ఇబ్బంది రాగానే వెనక్కి తీసుకుంది. అప్పటికే డీఎస్ రికార్డు రిజాల్వర్ల క్యాష్‌లో ఉండిపోవడంతో కొంతమంది వాడుకదారులకి స్లాక్ దాదాపు ఒక రోజు అందలేదు. పెద్ద రిజాల్వర్లు నడిపేవాళ్ళని క్యాష్ తుడవమని అడగాల్సి వచ్చింది. అంత పెద్ద ఇంజనీర్ల బృందానికే 24 గంటల టీటీఎల్ అడ్డం తిరిగింది. డీఎన్‌ఎస్‌సెక్ ఉన్న డొమైన్‌కి సంతకాలు లేని నేమ్‌సర్వర్లు పెట్టాలంటే వరస ఒకటే. ముందు డీఎస్ తీసేయాలి, ఒక రోజుకి పైగా ఆగాలి, ఆ తర్వాతే నేమ్‌సర్వర్ మార్చాలి. అంతదాకా పాత జోన్‌ని సంతకాలతో సహా నడవనివ్వాలి.

ఇప్పుడు టోకెన్

దారి బాగుపడ్డాక అసలు టోకెన్ పని. హోస్టింగ్ ప్యానెల్‌లో టీఎక్స్‌టీ చేర్చమని డిజైనర్‌కి చెప్పాను. చేర్చి, వెరిఫై నొక్కాడు. విఫలం. ఈసారి సందేశం వేరు, టోకెన్ కనపడలేదని. చెప్పాలంటే ఇది మంచి కబురు. గూగుల్ ఇప్పుడు సర్వర్ దాకా వచ్చి, చదివి, లేదు అంటోంది.

ఎందుకు లేదంటే, పేరు గడిలో అతను డొమైన్ మొత్తం రాశాడు. ఆ ప్యానెల్ మనం ఏది రాసినా దాని వెనక డొమైన్‌ని తనే తగిలిస్తుంది. దాంతో రికార్డు ‘పేరు.కామ్.పేరు.కామ్’ అనే లేని చోట పడింది. ఆ రెట్టింపు పేరుని డిగ్‌తో అడిగితే టోకెన్ చక్కగా వచ్చింది. అనుమానం ఉన్నప్పుడు ఈ ఒక్క ప్రశ్న వేస్తే క్షణంలో తేలిపోతుంది. గడిలో @ గుర్తు పెట్టాలా, ఖాళీగా వదలాలా, డొమైన్ పూర్తిగా రాసి చివర చుక్క పెట్టాలా అన్నది ప్యానెల్‌ని బట్టి మారుతుంది. ఒక ప్యానెల్‌కి చేసిన వీడియో చూసి ఇంకో ప్యానెల్‌లో చేస్తే వచ్చే తంటా ఇది. ఇక్కడ @ పెడితే సరిపోయింది.

టోకెన్‌ని స్క్రీన్‌షాట్ చూసి టైప్ చేసే అలవాటు కూడా ఈ మధ్య ఎక్కువగా చూస్తున్నాను. పెద్ద ఐకీ చిన్న ఎల్‌కీ, సున్నాకీ ఓకీ తేడా కంటికి ఆనదు, గూగుల్‌కి ఆనుతుంది. కాపీ చేసి టెక్స్ట్‌గా పంపితే గొడవే ఉండదు. ఇంకొందరు ఒక డొమైన్‌కి ఒకే టీఎక్స్‌టీ ఉండాలనుకుని, టోకెన్‌ని తీసుకెళ్ళి ఎస్‌పీఎఫ్ వరస చివర అతికిస్తారు. టోకెన్‌కి దాని వరస దానికి విడిగా ఉండాలి. ఒకటికి మించకూడనిది ఎస్‌పీఎఫ్. అది రెండు వరసలైతే 2014 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7208 ప్రకారం పర్మెర్రర్ (శాశ్వత దోషం), మెయిల్‌కి తిప్పలు.

సరిచేశాక హోస్టింగ్ సర్వర్‌ని నేరుగా అడిగితే ఎస్‌పీఎఫ్, టోకెన్ రెండూ వచ్చాయి. 8.8.8.8 మాత్రం ఎస్‌పీఎఫ్ ఒక్కటే చూపించింది. ఒకే పేరు మీదున్న టీఎక్స్‌టీ వరసలన్నీ కలిపి ఒకే జట్టుగా క్యాష్ అవుతాయి. టోకెన్ లేని పాత జట్టు ఆ జోన్‌లో 14,400 సెకన్ల టీటీఎల్‌తో ఉంది, అంటే నాలుగు గంటలు. అసలు టీఎక్స్‌టీయే లేని డొమైన్ అయితే ‘లేదు’ అనే జవాబు కూడా క్యాష్‌లో ఉంటుంది. ఎంతసేపన్నది జోన్ నిర్వహణ వివరాలుండే ఎస్‌ఓఏ రికార్డులోని అంకె నిర్ణయిస్తుంది. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2308 ఒకటి నుంచి మూడు గంటలు బాగుంటుందంటుంది గానీ, ఒక రోజు పెట్టే హోస్టింగ్‌లు కొల్లలు. రికార్డు చేర్చకముందే వెరిఫై నొక్కి చూసేవాళ్ళు ఆ ‘లేదు’ని తామే దాపెట్టుకున్నట్టు. నేనైతే జోన్ సర్వర్‌లోనూ, ఒకటి రెండు పబ్లిక్ రిజాల్వర్లలోనూ టోకెన్ కళ్ళారా చూశాకే బటన్ దగ్గరికి వెళ్తాను. క్యాష్ ఇంకోసారి తుడిపించి, చూసుకుని నొక్కాం. వెరిఫై అయింది. హోస్టింగ్ ప్యానెల్‌లో సర్టిఫికెట్ కూడా ఏ మార్పూ చేయకుండానే తర్వాతి ప్రయత్నంలో వచ్చేసింది.

వెరిఫై అయ్యాక తేలినవి

డొమైన్ ప్రాపర్టీ చేతికొస్తే, దాని కింది యూఆర్‌ఎల్ ప్రాపర్టీలు చేర్చగానే వాటంతటవే వెరిఫై అవుతాయి. అలా పాత అడ్రస్‌ని చేర్చి యూజర్ల పేజీ తెరిస్తే, ఇంకో ఓనర్ ఉన్నాడు. ఆ ఈమెయిల్ ఎవరిదో యజమానికీ తెలియదు, డిజైనర్‌కీ తెలియదు. ఎప్పుడో ఒకప్పుడు ‘గూగుల్‌లో మొదటి పేజీకి తెస్తాం’ అన్నవాళ్ళకి సైట్ లాగిన్ ఇచ్చారట. వాళ్ళు పెట్టిన వెరిఫికేషన్ ఫైల్ సర్వర్‌లో అలాగే ఉంది. వాళ్ళదే ఒక మెటా ట్యాగ్ థీమ్ హెడర్‌లో కూడా ఉంది. కొత్త సర్వర్‌కి బ్యాకప్‌తో పాటు ఆ రెండూ భద్రంగా తరలివచ్చాయి.

ఇది చిన్న విషయం కాదు. వెరిఫైడ్ ఓనర్‌కి రిమూవల్స్ అనే పరికరంతో సైట్ పేజీలని గూగుల్ ఫలితాల్లోంచి సుమారు ఆరు నెలల పాటు దాచే వీలుంటుంది. కొత్తవాళ్ళని చేర్చనూవచ్చు. జాబితాలోంచి పేరు తీసేస్తే సరిపోదు. టోకెన్ సైట్‌లో ఉన్నంతకాలం వాళ్ళు మళ్ళీ వెరిఫై చేసుకుని లోపలికి రాగలరు. ముందు ఫైల్ తీసేశాం, హెడర్‌లో ట్యాగ్ తీసేశాం, ఆ తర్వాతే పేరు తొలగించాం. రిజిస్ట్రార్ దగ్గర మిగిలిపోయిన, ఎవరూ చదవని టీఎక్స్‌టీని కూడా తుడిచేశాం. రేపెవరైనా నేమ్‌సర్వర్లు తిరిగి అక్కడికి మారిస్తే పాత చెత్తంతా మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది.

డొమైన్ యాజమాన్యం గురించి కాస్త వాదన జరిగింది. డిజైనర్ తన అకౌంట్‌కి మార్పిస్తే పని సులువన్నాడు. నేను ఒప్పుకోలేదు. నర్సరీ పేరు మీద, నర్సరీ ఈమెయిల్‌తో అకౌంట్ తెరిపించి, అదే రిజిస్ట్రార్‌లో ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి మార్పించాం. డాట్‌కామ్ లాంటి డొమైన్లకి యజమాని వివరాలు మారితే ఇంకో రిజిస్ట్రార్‌కి తీసుకెళ్ళడానికి 60 రోజుల తాళం పడొచ్చు, 2016 డిసెంబరు నుంచి, డొమైన్ పేర్ల వ్యవస్థని చూసే ఐకాన్ సంస్థ నియమం అది. సీజన్ మధ్యలో రిజిస్ట్రార్ మారే ఆలోచన ఎలాగూ లేదు కాబట్టి ఆ తాళం మాకు అడ్డు కాలేదు. ఓటీపీ ఇప్పుడు యజమాని ఫోన్‌కి వస్తుంది. హైదరాబాద్ అబ్బాయి ఊపిరి పీల్చుకున్నాడు. ప్రతి రెన్యువల్‌కీ గుర్తుపెట్టుకునే బాధ్యత తనకి బరువుగానే ఉండేదట.

డీఎన్‌ఎస్‌సెక్ మళ్ళీ ఆన్ చేయమంటారా అని ఆ అబ్బాయే అడిగాడు. ఇప్పుడున్న హోస్టింగ్ డీఎన్‌ఎస్‌లో ఆ సదుపాయం లేదు. దానికోసం డీఎన్‌ఎస్‌ని విడిగా ఇంకో సేవకి మార్చాలి. సంతకాలు తనే చేసి, తాళంచెవులు తనే మార్చుకునే సేవ అయితే పర్వాలేదు. అయినా ఆ ఊసు సీజన్ అయ్యాకే అన్నాను. ప్రస్తుతానికి యజమాని నోట్‌బుక్‌లో ఒక పేజీ రాయించాను. డొమైన్ ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉంది, నేమ్‌సర్వర్లు ఎవరివి, డీఎస్ ఉందా లేదా, ఏ టీఎక్స్‌టీ వరస ఎవరి కోసం పెట్టింది, తీస్తే ఏం ఆగిపోతుంది. డీఎస్ ఎదురుగా ‘లేదు’ అని రాసి, ఎప్పుడైనా పెడితే ఈ గడి మార్చకుండా నేమ్‌సర్వర్ల జోలికి వెళ్ళొద్దని కింద ఎర్ర సిరాతో రాయించాను. ఆ పేజీని ఫొటో తీసి డిజైనర్‌కి కూడా పంపారు.